చదివానని చెప్పాను

పోయిన ఆదివారం పొద్దున్న ఈశ్వరి టోటో, అంటే ఇక్కడి బ్యాటరీ రిక్షా, దిగి వచ్చి ఒక పాత లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టింది. ఈశ్వరి మా గురువులు మావయ్యకి లేకలేక పుట్టిన కూతురు. నిమ్‌పురాలో ఉంటుంది, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. కూతురు ఈ ఏడే కాలేజీలో చేరింది. కొత్తది కొనేదాకా ఆ పిల్ల ఈ ముసలి యంత్రంతోనే నెట్టుకురావాలని ఆమె ఆలోచన. మీట నొక్కాక వెలగడానికి టీ కాచుకుని తాగేంత సేపు పడుతోందట. “లోపలున్నదంతా తుడిసీసి మల్లీ కొత్తగా ఎక్కించీ వదినా” అంది. నాకిది కొత్త పని కాదు. ఇక్కడే ఖరగ్‌పూర్‌లో ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. తెలుగులో కొన్ని కథలూ వ్యాసాలూ రాశాను కాబట్టి ఇక్కడి తెలుగు సంఘం మీటింగుల్లో నన్ను రచయిత్రి అంటారు కానీ, వీధిలో నన్నెవరైనా వెతుక్కుంటూ వస్తే అది కంప్యూటరు బాగుచేయించుకోవడానికే.

పెన్‌డ్రైవ్ పెట్టాను. నీలం తెర వచ్చింది. నాలుగు ప్రశ్నలయ్యాక, ఇందులో ఉన్నవన్నీ పోతాయి, మళ్ళీ రావు, సరేనా అని అడిగింది. ఆ ప్రశ్నకి సరే అని నా జీవితంలో ఎన్నిసార్లు నొక్కి ఉంటానో. ఆ రోజు మాత్రం వేలు ఆడలేదు. దాచుకోవాల్సినవి ఏమున్నాయో పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూడమని ఈశ్వరిని అడిగాను. ఆమెకి గోల్‌బజార్‌లో పనుంది, మధ్యాహ్నానికి వస్తానని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. “నువ్వు సూసీ వదినా, నీకు తెలీదేటి” అని వెళ్ళిపోయింది. సరిగ్గా ఇవే మాటలు నా ఇరవయ్యేళ్ళ వయసులో వాళ్ళ నాన్న నోట విన్నాను. ఆయన పోయి నాలుగేళ్ళు. ఈ సంగతి రాయాలని చాలాసార్లు మొదలుపెట్టి, ప్రతిసారీ నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకుని రాసి, చింపేశాను. ఈసారి అలా చేయను.

గురువులు మావయ్య మాకు రక్తసంబంధం కాదు. మా అమ్మదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు. పరాయి రాష్ట్రంలో రైలుకూతల మధ్య బతికేవాళ్ళకి ఒకే ఊరు కావడం తోడబుట్టడం కంటే ఎక్కువ. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, నిమ్‌పురా యార్డు వెనక రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. ఆ ఇంట్లోకి అడుగుపెడితే ముందు బొగ్గుపొగ, దాని వెనక ఎండుచేపల పులుసు, దాని వెనక ఎక్కడో పక్కింటి బెంగాలీ వాళ్ళ ఆవనూనె. మా పైడమ్మ అత్త రోజూ తెల్లారేసరికి చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి, గిన్నె మీద తడిగుడ్డ వేసి గుమ్మం పక్కన పెట్టేది. దారిన పోయే తెలుగువాడు ఎవరైనా ఒక గ్లాసు తాగి పోవాల్సిందే. తాగనంటే ఆమెకి కోపం, తాగి బాగుందంటే ఇంకా కోపం. బాగోకపోతే పెడతానా అనేది.

రిటైరైనా మావయ్య రోజు మారలేదు. వర్క్‌షాపు పొద్దుటి కూత వినబడేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం కూతకి లేచి భోజనం చేసేవాడు. ఆదివారం కూత ఉండదు కాబట్టి ఆ రోజు మనుషులొచ్చేవారు. ఎందుకంటే, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఎవరింట్లో పెళ్ళి మాట కదిలినా ముందు గురువులు మావయ్య దగ్గరికి రావాలి. తాతల కాలంలో ఇక్కడికొచ్చి, బంధువుల్ని ఊళ్ళలో వదిలేసి, మళ్ళీ ఇక్కడిక్కడే పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నవాళ్ళం. ఎవరికి ఎవరు ఏమవుతారో తికమక. ఆయన వచ్చినవాళ్ళని మూడు అడిగేవాడు: ఇంటిపేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చారు, ఇక్కడ మొదట దిగిన మనిషి ఎవరు. తర్వాత కళ్ళు మూసుకుని ఒక వరస చెప్పేవాడు. ఫలానా వాడి చెల్లెల్ని ఫలానా వాడికిచ్చారు, కాబట్టి మీ పిల్లకి ఆ అబ్బాయి అన్న వరస అవుతాడు, వద్దు. లేదా, బావ అవుతాడు, తాంబూలాలు పుచ్చుకోండి. చావు కబురు ఎవరికి పంపాలన్నా ఆయనే చెప్పాలి. కొందరు ఊళ్ళో తమ వాళ్ళెవరైనా మిగిలారో లేదో తెలుసుకోవడానికే వచ్చేవారు. తమకంటూ ఒక మూలం ఉందని ఆయన నోట విని వెళ్ళేవారు.

ఈ పేర్లన్నీ ఆయనకి ఎలా వచ్చాయంటే, తిరిగి సంపాదించాడు. సైకిలు మీద రైల్వే క్వార్టర్ల సెటిల్‌మెంట్లన్నీ తిరిగి, మంచాన పడ్డ ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్ళు ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, మధ్యలో ఒక్కొక్క పేరూ అందుకునేవాడు. చిత్తుకాగితాల మీద, పనికిరాని రైల్వే ఫారాల వెనక రాసుకునేవాడు. ఇలా ఎన్నో ఏళ్ళు.

కంప్యూటరు ఆయన ఇంటికి రావడం పైడమ్మ అత్త వంట పుణ్యం. ఊళ్ళోని పెద్ద ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే గుంటూరు అబ్బాయి ఒకడు ఆదివారాలు ఆ ఇంటికి భోజనానికి వచ్చేవాడు. హాస్టల్ తిండి తినలేక తెలుగు మాట వినబడిన గుమ్మమల్లా తొక్కినవాడు. చదువైపోయి వెళ్ళిపోతూ తన పెద్ద డబ్బా కంప్యూటర్ని మావయ్యకి ఇచ్చేశాడు. అందులో తెలుగు టైపు చేసే ఏర్పాటు పెట్టి, కీబోర్డు మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు జిగురుతో అంటించి, నెలరోజులు నేర్పి మరీ వెళ్ళాడు. అక్కడి నుంచి మావయ్యకి అదే వర్క్‌షాపు. పొద్దుటి కూతకి దాని ముందు కూర్చుంటే మధ్యాహ్నం కూతకే లేవడం. ఒక్క వేలితో, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క పేరూ కొట్టేవాడు. మూడేళ్ళు కొట్టాడు. కాగితం మీద ఉన్నది కంప్యూటరులోకి ఎక్కగానే ఆ కాగితాన్ని పొయ్యి దగ్గర పెట్టేసేవాడు. ఇక దీన్ని చెద తినదు, వాన తడపదు అని నమ్మాడు. అత్త ఆ కాగితాలతో కుంపటి రాజేసేది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆయన ఊరికొక సంచి చొప్పున, అంటే కంప్యూటర్ వాళ్ళు ఫోల్డర్ అనేది, కట్టుకున్నాడు. వాటికి పేర్లు కూడా తెలుగు మీటలతోనే కొట్టాడు. రాత పేజీలో అయితే తెలుగు తెలుగులాగే కనబడేది కానీ, బయట ఫోల్డర్ల మీద మాత్రం ఆ మీటల కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కనబడేవి. అంటే అర్థం లేని గజిబిజి. ఆయనకి దాంతో ఇబ్బంది లేదు. ఫిట్టరు మనిషి, బెంచీ మీద పనిముట్లకి పేర్లు రాసిపెట్టుకోడు. ఏది ఎక్కడుందో చోటుని బట్టి చెయ్యి పోతుంది. పైనుంచి మూడో వరసలో రెండోది మా ఊరు, దాని కిందది మీ నాన్న వాళ్ళ ఊరు, అలా చెప్పేవాడు. ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్ ఒక్కటే. అది గుంటూరు అబ్బాయి నేర్పేటప్పుడు పెట్టింది. అందులో మావయ్య మొదట్లో కొట్టిన ఒక్క ఊరి పేర్లున్నాయి.

ఇక నా సంగతి. మా నాన్న నన్ను రైల్వే తెలుగు బడిలో వేయలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు. నా ఈడు పిల్లల్లో సగం మందికి రాదు, అదేమంత వింత కాదు. కానీ నేను వచ్చని నటించాను. ఆదివారాలు మావయ్య పిల్లల్ని కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నేను ఏదో వంక పెట్టి తప్పించుకునేదాన్ని. ఒకసారి ఎవరిదో శుభలేఖ చేతికిచ్చి చదవమన్నాడు. నాన్న ముందురోజే దాన్ని గట్టిగా చదివితే విని ఉన్నాను కాబట్టి, గుర్తున్నది గుర్తున్నట్టు అప్పజెప్పేశాను. మావయ్య మురిసిపోయాడు. ఇంగ్లీషు బడికి పోయినా మా పద్మ తెలుగు గడగడా చదివేస్తుందని సంఘం హాల్లో కనబడ్డవాళ్ళకల్లా చెప్పాడు. అప్పుడే నవ్వేసి నిజం చెప్పి ఉంటే అక్కడితో పోయేది. పొగడ్త తియ్యగా ఉంది, మింగేశాను.

ఆ ఏడు నేను కాలేజీలో చదువుతూనే గోల్‌బజార్ దగ్గర కంప్యూటరు కోర్సుకి వెళ్ళేదాన్ని. ఆరు నెలల కోర్సులో నాలుగు నెలలు పూర్తయ్యాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు, కనబడ్డ ప్రతి కంప్యూటర్నీ ఫార్మాట్ చేసేయాలని చేతులు దురద. మావయ్య కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది, నెలరోజులు తెర వైపు చూడొద్దన్నారు. ఆ కంప్యూటరేమో నత్తలా నడుస్తోంది, ఊరికే ఆగిపోతోంది. కంటికి విశ్రాంతి ఉన్న రోజుల్లోనే దాన్ని బాగుచేయించేద్దామని ఆయన నాకు కబురు పెట్టాడు. నేను వెళ్ళి, నాలుగు మీటలు నొక్కి, మా సార్ లాగా కళ్ళు చిట్లించి, వైరస్ పట్టింది, మొత్తం తుడిచి మళ్ళీ కొత్తగా ఎక్కించాలి అన్నాను.

మావయ్య నల్లద్దాలు పెట్టుకుని నా వెనక మంచం మీద కూర్చున్నాడు. అత్త అల్లం టీ ఇచ్చింది. ఏవేవి దాచాలి అని అడిగాను. “నా పేర్లు జాగర్తమ్మా. మిగతాది ఏటి సేసినా ఠీక్ హై. నువ్వే సూసీ, నీకు తెలీదేటి” అన్నాడు. చూశాను. ఆ గజిబిజి పేర్ల ఫోల్డర్లు వరసలు వరసలుగా ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే మా సార్ క్లాసులో చెప్పాడు, వైరస్ పడితే అర్థం లేని పేర్లతో ఫోల్డర్లు పుట్టుకొస్తాయని. అవే ఇవి అనుకున్నాను. ఒకటి తెరిచాను కూడా. లోపల ఫైలు తెరిస్తే తెలుగు కనబడింది. ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్ తెరిచాను. అందులోనూ తెలుగే. నా కంటికి రెండూ ఒకటే. వైరస్ అసలు దానికి నకళ్ళు తీసి పెట్టిందేమో అనుకున్నాను. ఒక్క పేరు చదవగలిగి ఉంటే రెండూ వేరని తెలిసేది. అదీ చేతకాకపోతే, వెనక్కి తిరిగి, మావయ్యా ఇందులో ఏముంది అని అడిగితే సరిపోయేది. ఆయన అక్కడే ఉన్నాడు, నా వీపుకి రెండడుగుల దూరంలో. అడగాలంటే నాకు చదవడం రాదని చెప్పాలి.

నేను చదువుతున్నట్టు తెరని పైకీ కిందకీ జరిపాను. మధ్యలో తల కూడా ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

“సదివినావా అమ్మా? అన్నీ ఉన్నాయా?” అన్నాడు.

“చదివాను మావయ్యా. అన్నీ ఉన్నాయి” అన్నాను.

ఇంగ్లీషు పేరున్న ఆ ఒక్కదాన్నీ ఫ్లాపీ మీదికి ఎక్కించాను. తక్కినదంతా తుడిచేశాను. ఆ రోజుల్లో అది గంటల పని. తెర మీద అంకెలు పెరుగుతుంటే నేను అత్త పెట్టిన మరమరాల మురీ, కారపు చనాచూర్ తింటూ, కోర్సులో నేర్చుకున్న మాటలన్నీ ఈశ్వరి ముందు వల్లించాను. పన్నెండేళ్ళ ఈశ్వరి నోరు తెరుచుకుని విన్నది. సాయంత్రానికి కంప్యూటరు చక్కగా వెలిగింది. నల్లద్దాల్లోంచే ఆ వెలుగు చూసి, మావయ్య నా తల మీద చెయ్యి పెట్టాడు.

నెల గడిచాక, కంటికి డాక్టరు సరే అన్న రోజున, ఈశ్వరి పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. నాన్న పిలుస్తున్నాడు, పేర్లు కనబడటం లేదట. నేను వెళ్ళేసరికి మావయ్య ఇస్త్రీ చొక్కాలో కుర్చీలో ఉన్నాడు. తెర మీద ఒకే ఒక్క ఫోల్డర్. మిగతా వరసలు ఉండాల్సిన ఖాళీ మీద ఆయన చూపు మూడో వరస, నాలుగో వరస అని వెతుకుతూ తిరుగుతోంది. నాకు అప్పుడు మొత్తం తెలిసిపోయింది. ఎక్కడున్నాయమ్మా అని మామూలుగానే అడిగాడు, నేను ఎక్కడో వేరేచోట భద్రంగా పెట్టి ఉంటానని నమ్మకంగా.

అప్పుడు నేను చేసింది, మొదటి తప్పు కంటే పెద్దది. మొదటిది తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను. కంప్యూటరు ముందు కూర్చుని, కాసేపు మీటలు నొక్కి, హార్డ్ డిస్కు పాడైనట్టుంది మావయ్యా అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. “మధ్యలో కరెంటు పోయినప్పుడు గానీ, ఊరికే గానీ, మీరు స్విచ్ నేరుగా కట్టేశారా?” అని అడిగాను. ఆయన ఆలోచించాడు. నిజాయితీగా, గుర్తు తెచ్చుకుంటూ ఆలోచించాడు. మొన్న ఒక రోజు పొద్దున్న, కళ్ళద్దాలు లేకుండా, ఎలా ఉందో చూద్దామని వెలిగించి, ఎలా ఆపాలో కనబడక గోడ మీది స్విచ్ కట్టేశానని చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు తగ్గిపోయింది.

“అయితే నా సెయ్యేనమ్మా” అన్నాడు.

నేను కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయనే లేచి, నువ్వు బాధపడకు, నువ్వు బాగుచేసి ఇచ్చినదాన్ని నేనే పాడు చేసుకున్నాను అని నన్ను ఓదార్చాడు. పైడమ్మ అత్త ఏమీ అర్థం కాక, మా ఇద్దరికీ అన్నం వడ్డించింది. నేను తిన్నాను. ఆ రోజు గొంతు దిగిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, దిగింది.

ఆ తర్వాత ఆదివారం నుంచి ఆయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టాడు. పేర్లన్నీ ఉండేవి, నా చేత్తోనే పోగొట్టాను అని. దాచేవాడు కాదు. సంఘం హాల్లో లేచి నిలబడి, అందరి ముందూ తప్పైందన్నాడు. నోటికి వచ్చినన్ని మళ్ళీ రాద్దామని కాగితాలు తీసుకుని సైకిలు ఎక్కాడు కానీ, ఆ పేర్లు చెప్పిన ముసలమ్మల్లో చాలామంది అప్పటికే పోయారు. బతికున్నవాళ్ళకి గుర్తు లేదు. మెల్లగా ఆదివారాలు పల్చబడ్డాయి. ఒకసారి నేనుండగానే ఇద్దరు పెద్దవాళ్ళు సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చారు. మావయ్య మూడు ప్రశ్నలూ అడిగి, కళ్ళు మూసుకుని, చాలాసేపటికి తెరిచి, ఖాయంగా చెప్పలేనయ్యా అన్నాడు. ఆ ఇంటి గుమ్మంలోంచి ఎవరైనా జవాబు లేకుండా వెళ్ళడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇది చదివేవాళ్ళకి నా మీద ఏ కాస్తో మంచి అభిప్రాయం ఉంటే, ఈ మాటతో అదీ పోతుంది. ఆ వర్షాకాలంలో నేను ఒక పలక కొనుక్కుని మావయ్య దగ్గరికి వెళ్ళి, తెలుగు నేర్పమన్నాను. శుభలేఖ సంగతి అడుగుతాడేమోనని భయపడుతూ, చదవడం కాస్త వచ్చు కానీ రాయడం రాదు, మొదటి నుంచి దిద్దుకుంటాను అన్నాను. ఆయన ఏమీ అడగలేదు. ఇరవయ్యేళ్ళ దాన్ని ఈశ్వరి పక్కన కూర్చోబెట్టి అ ఆల నుంచి దిద్దించాడు. ఏడాదిన్నర నేర్పాడు. గుణింతాలు, ఒత్తులు, ఉత్తరం రాసే పద్ధతి, అన్నీ. ఇవాళ నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆయన పెట్టిన భిక్ష. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగి ఇంత చక్కటి తెలుగు ఎలా రాస్తున్నారండీ అని మీటింగుల్లో అడుగుతారు. మా గురువులు మావయ్య అభిమానంతో నేర్పాడండీ అని చెబుతాను. చప్పట్లు కొడతారు. ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఊరట మాత్రం నాకు నేను కల్పించుకున్నాను. మావయ్య తెలివైనవాడు. బండి చక్రం మీద సుత్తితో కొట్టి, మోతని బట్టి పగులెక్కడుందో చెప్పగలిగినవాడు. నాకు ‘ఖ’కీ ‘ఘ’కీ తేడా తెలియదని చూసిన రోజే ఆయనకి సంగతి తెలిసిపోయి ఉంటుంది, చదివానన్నది అబద్ధమని గ్రహించి ఉంటాడు, గ్రహించి క్షమించి, పిల్ల సిగ్గుపడుతుందని నోరెత్తకుండా ఊరుకుని ఉంటాడు. ఈ ఊహని ఇరవై అయిదేళ్ళుగా నెమ్మదిగా మేపుతూ వచ్చాను. ఏటేటా అది బలిసింది. ఆయన పోయినప్పుడు ఆ ఊహే నన్ను నిలబెట్టింది.

ఇప్పుడు సంబంధాలు ఫోన్లలో కుదురుతున్నాయి. ఫోటో, జీతం, ఎత్తు వస్తాయి. మొదట దిగిన మనిషి ఎవరని ఎవరూ అడగరు, అడిగినా చెప్పగలవాళ్ళు లేరు. ఇన్‌స్టిట్యూట్ తెలుగు పిల్లలు కూడా ఇళ్ళకి రారు, వాళ్ళకి కావలసినది ఫోన్లో నొక్కితే గేటు దగ్గరికే వస్తుంది. ఇప్పుడు ఏదైనా తుడిచినా ఎక్కడో ఇంకో నకలు ఉండనే ఉంటుంది, మా బడి పిల్లలకి పోవడమంటే ఏమిటో తెలియదు. అప్పుడు మావయ్య దగ్గర ఉన్నది ఒక్కటే, అది లోకం మొత్తంలో ఇంకెక్కడా లేదు. ఇవి మంచి రోజులో చెడ్డ రోజులో నేను చెప్పలేను. ఇప్పటి ఏర్పాట్లు అప్పుడే ఉండి ఉంటే నా అబద్ధం ఎవరికీ నష్టం లేకుండా గడిచిపోయేది. నేను దాన్ని మర్చిపోయి కూడా ఉండేదాన్ని.

మధ్యాహ్నం ఈశ్వరి తిరిగొచ్చింది. కూరల సంచి కింద పెట్టి, అయిపోయిందా వదినా అంది. నీలం తెర ఇంకా అదే ప్రశ్న దగ్గర ఉంది. నేను ఆమెని కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, మొత్తం చెప్పాను. శుభలేఖ దగ్గర మొదలుపెట్టి, తల ఊపడం, స్విచ్ సంగతి, ఏదీ వదల్లేదు. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉంది. అక్కడితో ఆగలేక, నా ఊరట కూడా బయటపెట్టాను. మావయ్యకి తెలిసే ఉంటుంది ఈశ్వరీ, తెలిసే నన్ను క్షమించాడు, అంత పెద్ద మనసు ఆయనది అన్నాను.

“ఆయనకి తెల్దు వదినా” అంది.

నెమ్మదిగానే అంది. తర్వాత నాకు తెలియని సంగతులు చెప్పింది. ఆ కంప్యూటరు పోయాక ఆయన ఇంట్లో ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదట. టీవీ పెట్టాలన్నా, ఫ్యాను వెయ్యాలన్నా అత్తనో ఈశ్వరినో పిలిచేవాడట. ముప్ఫై అయిదేళ్ళు రైలు డబ్బాల కింద పడుకుని బోల్టులు బిగించిన మనిషి. ఈశ్వరి ఫోను కొన్నాక, మనవరాలు బడి హాస్టల్ నుంచి కనబడి మాట్లాడుతుంటే, ఫోను పట్టుకో నాన్నా అంటే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకునేవాడట. నువ్వే పట్టుకో, నాది మంచి చెయ్యి కాదు అనేవాడట. ఇంట్లో అందరూ దాన్ని ముసలితనపు చాదస్తం అనుకుని ఆటపట్టించేవారట.

“ఆకర్న ఆస్పత్రిలో ఏలికి కిలిప్పు పెడతారు కదా, ఊపిరి సూడ్డానికి. అది పెడతంటే సెయ్యి లాగీసుకున్నాడు. దీదీ, నా సెయ్యి తగిల్తే మీ మిషను పాడైపోద్ది అన్నాడు నర్సుతోటి, బెంగాలీలో. ఆమి నవ్వింది. మేమూ నవ్వినాం వదినా.” ఈశ్వరి గ్లాసు కింద పెట్టింది. “తెలిస్తే అలగ సేత్తాడేటి?”

క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు సెప్పి ఏటి లాభం? ఆయన అందరికీ సెప్పినాడు కదా, తనే పోగొట్టినాడనీసి. ఇప్పుడికీ సంగం హాల్లో అదే అంటారు. నువ్వూ అందరికీ సెప్పు.”

లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. నేను తుడవలేదు, తుడవమని ఆమె మళ్ళీ అడగలేదు. పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే బెంగాలీ దాదా ఒకడున్నాడు, అతని దగ్గర చేయించుకుంటానంది. గుమ్మం దాకా వెళ్ళి, ఎండగా ఉంది నువ్వు రావద్దులే వదినా అంది. వదినా అనే పిలుపు మార్చనందుకు నేను లోపల ఎంత ఏడ్చానో ఆమెకి తెలియదు.

అందుకని ఇది రాస్తున్నాను. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో దీన్ని చదవగలిగినవాళ్ళు, చదవడం రానివాళ్ళకి దయచేసి చదివి వినిపించండి. గురువులు మావయ్య చెయ్యి మంచిది. ఆ చెయ్యి దేన్నీ పాడు చేయలేదు. మీ అందరి పేర్లనీ తుడిచేసింది నేను, నాకు తెలుగు చదవడం రాదు మావయ్యా అనే ఒక్క మాట నోట రాక.